హారో కౌన్సిలు ఎన్నికలు: లెక్కలో మన వోటు ఎక్కడ?

మన ఊళ్ళలో పంచాయతీ ఎన్నికలంటే ఆ సందడే వేరు. శాసనసభ ఎన్నికలకు గడప దాటని ముసలమ్మ కూడా వార్డు మెంబరు ఎన్నికకు మనుమడి సైకిలెక్కి వెళ్ళి వోటు వేసి వస్తుంది. ఏ వీధి వోట్లు ఎటు పోయాయో సాయంత్రానికల్లా రచ్చబండ దగ్గర లెక్క తేలిపోతుంది. ఇంగ్లండులో వ్యవహారం ఇందుకు తలక్రిందులు. పార్లమెంటు ఎన్నికలకు నూటికి అరవై మంది దాకా కదిలి వచ్చే జనం, కౌన్సిలు ఎన్నికలు వచ్చేసరికి చాలా చోట్ల మూడోవంతుకు అటూ ఇటూగా తగ్గిపోతారు. ఇక మన తెలుగు కుటుంబాల సంగతి చెప్పనక్కరలేదు. చెత్త బండి రాలేదని విసుక్కుంటాము, కౌన్సిలు టాక్సు పెరిగిందని నిట్టూరుస్తాము. మన వార్డు కౌన్సిలరు పేరేమిటని ఎవరైనా అడిగితే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటాము.

అందుకని ఒక బరో ఫలితాన్ని తీసుకొని, రోగి చార్టు చదివినట్టు మొదటి నుంచి చదివి చూద్దామనుకున్నాము. మేము ఎంచుకొన్నది లండనుకు వాయవ్యాన ఉన్న హారో బరో. ఎన్నిక 2022 మే 5న జరిగినది. ఏ పార్టీకీ ప్రచారం చేయడం మా ఉద్దేశం కాదు. మన సంఘంలో అన్ని పార్టీల అభిమానులూ ఉన్నారు. ఏ పార్టీ గొడవా పట్టనివారు అంతకంటె ఎక్కువ. ఈ నాలుగు మాటలూ ముఖ్యంగా వారి కోసమే.

బరో సంగతి

1965లో లండను పరిసరాల్లోని పాత కౌన్సిళ్ళను కలిపి కొత్త బరోలు ఏర్పాటు చేసినప్పుడు, ఒకే పాత కౌన్సిలు తన సరిహద్దు చెక్కుచెదరకుండా బరోగా మారినది హారో ఒక్కటే. సరిహద్దు మారలేదు గాని జనం మారారు. 2021 జనాభా లెక్కల్లో అక్కడ సుమారు 2,61,000 మంది ఉన్నారు. తాము హిందువులమని వ్రాసుకొన్నవారు నూటికి 25.8 మంది. ఇంగ్లండు, వేల్సులలో మరే స్థానిక ప్రాంతంలోనూ ఈ నిష్పత్తి ఇంత లేదు. తూర్పు ఆఫ్రికా మీదుగా వచ్చిన గుజరాతీలు, శ్రీలంక తమిళులు, ఆ తరువాత వచ్చిన రుమేనియావారు, వీరి మధ్య మనవాళ్ళ ఇళ్ళు కూడా ఉన్నాయి.

ఫలితం

2018 ఎన్నికలో కౌన్సిలులో 63 స్థానాలుండేవి. లేబరుకు 35, కన్సర్వేటివులకు 28 వచ్చాయి. 2022 నాటికి వార్డుల హద్దులు తిరగగీసి స్థానాలను 55కు తగ్గించారు. ఆ 55లో కన్సర్వేటివులకు 31, లేబరుకు 24 దక్కాయి. తక్కిన పార్టీలకు, స్వతంత్రులకు ఒక్కటీ రాలేదు. అధికారం చేతులు మారి పాల్ ఆస్బోర్న్ కౌన్సిలు నాయకుడయ్యారు.

ఇందులో విశేషమేమిటంటే, అదే ఎన్నికల్లో లండనులో గాలి ఎదురు దిశగా వీచింది. వెస్ట్‌మినిస్టరులో బరో ఏర్పడినప్పటి నుంచీ, వాండ్స్‌వర్తులో 1978 నుంచీ ఉన్న కన్సర్వేటివు పాలన పోయి లేబరు వచ్చింది. హారోకు ఆనుకొని ఉన్న బార్నెట్ కూడా లేబరు చేతికి వెళ్ళింది. ఎడ్జ్‌వేర్ రోడ్డు రెండు బరోలకూ హద్దు. రోడ్డుకు ఒక పక్క లేబరు గెలిచింది, మరో పక్క లేబరు ఓడింది. దేశమంతటికీ ఒకే గాలి అయితే రోడ్డు దాటగానే దిక్కు మారదు గదా! కౌన్సిలు టాక్సు, కార్ల పార్కింగు, స్టేషన్ల దగ్గర ఎత్తైన ఫ్లాట్లు కట్టడం వంటి ఇంటి పక్క సంగతులే అక్కడ చర్చకు వచ్చాయి. కౌన్సిలు ఎన్నిక పార్లమెంటు ఎన్నికకు నీడ మాత్రమే అనుకొనేవారు ఈ ఒక్క రోడ్డును చూస్తే చాలు.

నాలుగు కుర్చీలు

31కీ 24కూ మధ్య తేడా ఏడు. చూడడానికి పెద్దదే. కాని ఒక్క నాలుగు స్థానాలు ఇటు నుంచి అటు పోయి ఉంటే లెక్క 28కి 27 అయ్యేది, లేబరే కౌన్సిలులో మళ్ళీ కూర్చొనేది. రెండున్నర లక్షలు దాటిన జనానికి పాలకులెవరో నాలుగు కుర్చీలు తేల్చాయన్నమాట.

అక్కడ 22 వార్డులున్నాయి. పదకొండింటిలో ముగ్గురేసి, పదకొండింటిలో ఇద్దరేసి కౌన్సిలర్లు. ముగ్గురున్న వార్డులో ప్రతి వోటరుకూ మూడు వోట్లుంటాయి. ఇది తెలియక ఒక్క గుర్తు పెట్టి వచ్చేసేవారు కొందరు. మూడు మాత్రలు రాసిస్తే ఒక్కటే మింగినట్టు! మరి కొందరు ఒక పార్టీకి రెండు, మరో పార్టీకి ఒకటి వేస్తారు. ఇటువంటి కాగితాలను లెక్కింపు బల్లల మీద వేరే తీసిపెట్టి, పేరు పేరునా గుర్తు చేసి కూడతారు. ఒకే పార్టీ అభ్యర్థుల్లో ఒకరు గెలిచి పక్కవారు ఓడడం ఈ విధంగానే జరుగుతుంది.

వోట్లు సరిసమానంగా వస్తే చీటీ వేయవలసిందే, అక్కడైనా ఇక్కడైనా. 2017లో నార్తంబర్లండు కౌన్సిలుకు సౌత్ బ్లైత్ వార్డులో లిబరల్ డెమొక్రాట్, కన్సర్వేటివు అభ్యర్థులకు సమానంగా వోట్లు వచ్చాయి. పుల్లలు తీయించారు. కన్సర్వేటివుకు పొట్టి పుల్ల వచ్చింది. దాంతో 67 స్థానాల్లో ఆ పార్టీకి 33 దగ్గరే ఆగిపోయి, ఆధిక్యత ఒక్క స్థానంతో తప్పిపోయింది. ఆ రోజు వర్షం వస్తుందేమోనని ఇంట్లో ఉండిపోయిన ఒక్క మనిషి వెళ్ళి ఉంటే పుల్లతో పని ఉండేది కాదు.

డాక్టర్లకు దీనితో ఏమి పని?

మా తోటి డాక్టర్లు తరచు ఈ మాట అడుగుతారు. "ఆసుపత్రి ఎన్‌.హెచ్‌.ఎస్‌.ది, జీతం ఎన్‌.హెచ్‌.ఎస్‌. ఇస్తుంది, కౌన్సిలుతో మనకేమిటి?" అని. వార్డు రౌండులో ఒక మంచం దగ్గర ఆగి చూడండి. ఎనభై దాటిన మనిషి, తుంటి ఎముక విరిగి వచ్చింది. ఆపరేషను బాగా జరిగింది, నాలుగడుగులు వేస్తున్నది, మందులు రాసేశాము. వైద్యపరంగా మేము చేయవలసింది ఏమీ మిగలలేదు. అయినా ఆమె ఇంటికి వెళ్ళలేదు. పొద్దున్న లేపి, స్నానం చేయించి, మధ్యాహ్నం ఇంత తినిపించి, రాత్రి పడుకోబెట్టడానికి ఇంటికి మనుషులు రావాలి. ఆ ఏర్పాటు చూడవలసిన బాధ్యత, 2014 నాటి సంరక్షణ చట్టం ప్రకారం, కౌన్సిలుది. అది కుదిరేదాకా ఆమె మంచం మీదనే ఉంటుంది. పడుకొన్న కొద్దీ కాళ్ళలో సత్తువ తగ్గుతుంది. కింద అత్యవసర విభాగంలో మరొక రోగి ఆ మంచం కోసం ట్రాలీ మీద ఎదురుచూస్తూ ఉంటాడు.

ఈ సంరక్షణ వైద్యంలా అందరికీ ఉచితం కాదు. ఆదాయం, ఆస్తి చూసి లెక్క కడతారు. ఇందుకోసం 2016 నుంచి కౌన్సిలు టాక్సులో ప్రత్యేక భాగం వసూలు చేసే వీలు కల్పించారు. మీ ఇంటికి వచ్చిన బిల్లు తీసి చూడండి, వయోజన సంరక్షణ పేరుతో ఒక మాట కనిపిస్తుంది. ఆ డబ్బు చాలుతుందా, ఎక్కడ కోత పెట్టాలి, గ్రంథాలయం మూయాలా, డే సెంటరు మూయాలా అని నిర్ణయించేది మనం పేరు కూడా ఎరుగని ఆ కౌన్సిలరే.

ఇది పరాయివాళ్ళ ముసలితనం గురించిన మాట కూడా కాదు. 1960లలో, 1970లలో గుంటూరు, విశాఖపట్నం, కాకినాడ, హైదరాబాదు కాలేజీల నుంచి వచ్చి, తెల్లవారు చేరడానికి ఇష్టపడని ఊళ్ళలో ప్రాక్టీసులు నడిపిన మన పెద్దలు నేడు ఆ మంచాల మీదికి వచ్చే వయసులో ఉన్నారు. పిల్లలు ఒకరు అమెరికాలో, ఒకరు ఆస్ట్రేలియాలో. పెసరట్టు అడిగితే అదేమిటో తెలిసిన మనిషి వంతుకు వస్తుందా రాదా అన్నది వారికి చిన్న విషయం కాదు.

మన హక్కు

మన కొత్త కుటుంబాల్లో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. బ్రిటిషు పౌరసత్వం వచ్చేదాకా వోటు లేదని అనుకొంటారు. అది పొరపాటు. భారతదేశం కామన్‌వెల్తులో ఉన్నందువల్ల, ఇక్కడ ఉండడానికి సక్రమమైన అనుమతి ఉన్న భారత పౌరులు వర్క్ వీసా మీద వచ్చినా, విద్యార్థులుగా వచ్చినా, వోటర్ల జాబితాలో చేరవచ్చు. కౌన్సిలుకే కాదు, పార్లమెంటుకూ వోటు వేయవచ్చు. అమెరికా పౌరుడు ఇరవై ఏళ్ళు ఇక్కడ పన్ను కట్టినా అతనికి ఈ హక్కు లేదు. మనకు ఉండీ వాడుకోవడం లేదు.

పోటీ చేయడానికైతే శాశ్వత నివాసపు అనుమతి ఉండాలి, ఆ ప్రాంతంలో వోటరుగానో, ఏడాదిగా నివసిస్తూనో, పనిచేస్తూనో ఉండాలి. డిపాజిట్టు కట్టనక్కరలేదు. కౌన్సిలు ఉద్యోగి ఆ కౌన్సిలుకు నిలబడరాదు గాని, ఎన్‌.హెచ్‌.ఎస్‌. డాక్టరుకు ఆ అడ్డు లేదు. ఇది మనవాళ్ళకు కొత్త కూడా కాదు. స్వాతంత్ర్యానికి ముందే, 1934లో, వి.కె. కృష్ణ మీనన్ లండనులోని సెయింట్ పాంక్రాస్ బరోకు కౌన్సిలరుగా ఎన్నికై 1947 దాకా పనిచేశారు. అక్కడి గ్రంథాలయాలను పెంచినవారని పేరు తెచ్చుకొన్నారు.

చేయవలసిన పని

జాబితాలో చేరడానికి నేషనల్ ఇన్స్యూరెన్సు నంబరు, అయిదు నిమిషాల తీరిక ఉంటే చాలు. పోలింగుకు పన్నెండు పనిదినాల ముందే ఆ పని కావాలి. ఇల్లు మారినప్పుడల్లా మళ్ళీ చేరాలి. ఆరు నెలలకొక ఆసుపత్రి మారే జూనియరు డాక్టర్లు ముఖ్యంగా గమనించాలి. ఇంగ్లండులో 2023 మే నుంచి పోలింగు దగ్గర ఫోటో ఉన్న గుర్తింపు చూపాలి. మన భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. పోలింగు ఉదయం 7 నుంచి రాత్రి 10 వరకు. ఆ రోజు డ్యూటీ పడుతుందనుకొంటే పోస్టు ద్వారా వోటు వేయడానికి ముందుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఉన్నట్టుండి డ్యూటీ మీద పడితే, పోలింగు రోజు సాయంత్రం 5 గంటల దాకా మరొకరిని మన తరఫున పంపమని కోరే వీలు కూడా ఉంది.

లండను బరోలకు నాలుగేళ్ళకొకసారి ఎన్నికలు. ఎవరికి వేయాలో చెప్పడం మా పని కాదు. అభ్యర్థి తలుపు తట్టినప్పుడు మాత్రం, టీవీలో వినే ప్రశ్నలు కాక, మన వీధి ప్రశ్నలు రెండు అడగండి: ఆసుపత్రి నుంచి ఇంటికి రావలసిన మా పక్కింటి పెద్దావిడకు మనిషిని ఎన్నాళ్ళలో పంపుతారు? అందుకు డబ్బు ఎక్కడ నుంచి తెస్తారు? జవాబు విని, నచ్చినవారికి వేయండి. మూడు వోట్లుంటే మూడూ వేయండి.