వేలాడే పూలకుండీ

వేలాడే పూలకుండీ అనగా నేల మీద ఉంచకుండా, గొలుసు లేదా తాడు సాయంతో కొక్కేనికి తగిలించి మొక్కలు పెంచే కుండీ. దీనిని హాంగింగ్ బాస్కెట్ అని కూడా అంటారు. పెరటి స్థలం లేని ఇళ్ళలో బాల్కనీలు, వరండాలలో వీటిని ఎక్కువగా వాడుతారు. మట్టి తక్కువగా ఉండటం, నలువైపులా గాలి తగలటం వలన ఇవి నేల మీది కుండీల కంటే త్వరగా ఆరిపోతాయి. కావున వేసవిలో వీటి పెంపకం ముఖ్యంగా నీటిపై ఆధారపడి ఉంటుంది.

మొక్కల ఎంపిక

బ్రిటన్ వంటి చలి దేశాలలో రాత్రివేళ మంచు పేరుకోవటం ఆగిన తరువాత, సాధారణంగా మే నెలాఖరులో, ఈ కుండీలను ఆరుబయట తగిలిస్తారు. పెటూనియా, లొబీలియా, ఫుషియా అక్కడి ప్రధాన వేసవి పూలు. అదే పెటూనియా తెలుగు ప్రాంతాలలో శీతాకాలపు పువ్వు. ఎండలు ముదిరేసరికి ఎండిపోతుంది. ఇక్కడ మే నెలలో అనేక చోట్ల ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది కనుక, ఈ క్రింది మొక్కలు అనుకూలమైనవి.

* గడ్డి గులాబి: గంగవాయిలి కూర ప్రజాతికే చెందిన దక్షిణ అమెరికా మొక్క. ఆకులలో నీటిని నిలువ చేసుకుంటుంది. పూలు బాగా విచ్చుకొనుటకు నేరుగా ఎండ తగలాలి.
* బిళ్ళగన్నేరు: మడగాస్కర్ దీని జన్మస్థానం. క్రిందికి వాలి పెరిగే రకాలు కుండీలకు తగినవి.
* మనీ ప్లాంట్, స్పైడర్ ప్లాంట్: నీడ ఉన్న వరండాలకు అనువైనవి.

నాటే విధానం

సుమారు 30 సెంటీమీటర్ల వ్యాసం గల కుండీ తీసుకోవాలి. తీగ బుట్ట అయితే లోపల కొబ్బరి పీచు పరుస్తారు. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు కలిపి, అంచుకు రెండు సెంటీమీటర్లు వెలితిగా నింపాలి. ఈ వెలితి లేనిచో పోసిన నీరు పైనుండే జారిపోతుంది. గడ్డి గులాబి కొమ్మ తుంచి గుచ్చినా వేళ్ళు తొడుగుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలలలో నాటినచో ఎండలు ముదిరే లోపు వేళ్ళు నిలదొక్కుకుంటాయి.

సంరక్షణ

ఉదయం పూట అడుగు రంధ్రాల నుండి కారే వరకు నీరు పోయాలి. సాయంత్రం కుండీని అడుగు నుండి ఎత్తి చూడాలి. తేలికగా ఉంటే మరల పోయాలి. ఆకులు వాడినంత మాత్రాన నీరు చాలలేదని భావించరాదు. నీరు ఎక్కువై వేళ్ళు కుళ్ళినా మొక్క వాడుతుంది. బాగా ఎండిన మట్టి మిశ్రమం నీటిని వెంటనే పీల్చుకోదు. అటువంటప్పుడు కుండీని బకెట్ నీటిలో అరగంట ముంచి తీయాలి.

తరచు నీరు పోయటం వలన పోషకాలు కొట్టుకుపోతాయి. అందుచేత పదిహేను రోజులకొకసారి పలుచని ద్రవ ఎరువు ఇస్తారు. కొనలు తుంచితే మొక్క గుబురుగా పెరుగుతుంది.

జాగ్రత్తలు

తడిసిన కుండీ బరువు బాగా పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలలలో వచ్చే ఈదురుగాలులకు కొక్కెం ఊడితే క్రింద నడిచే వారికి ప్రమాదం. కాబట్టి కొక్కేన్ని పైకప్పులో గట్టిగా బిగించాలి. గాలివాన సమయంలో కుండీని దింపి ఉంచాలి. అడుగు పళ్ళెంలో నిలిచిన నీటిలో డెంగీ వ్యాధిని వ్యాపింపజేసే ఏడిస్ దోమ గుడ్లు పెడుతుంది. కనీసం వారానికొకసారి ఆ నీటిని పారబోసి, పళ్ళెం రుద్ది కడగాలి.