రాతి మిద్దెలలో వైఫై: రెండవ పెట్టెను ఎక్కడ నిలపాలి?

సాదలి ప్రాంతంలో ఫైబర్ తీగ వచ్చిన ఇళ్ళలో తరచుగా వినవచ్చే ఫిర్యాదు ఒకటున్నది. వీధి గదిలో ఇంటర్‌నెట్ చక్కగా అందుతుంది. నడవ దాటి వెనుక గదికి వెళితే అందదు. అక్కడే పిల్లలు చదువుకొంటారు.

కారణం మన గోడలే. వైఫై ఒక రేడియో తరంగం. చెక్క తలుపును, పలుచని ఇటుక గోడను కొంతవరకు దాటగలదు. మూరెడు మందం గల రాతిగోడ దానిని చాలావరకు మింగివేస్తుంది. ఇనుప బీరువా, జింకు రేకు వెనుకకు తిప్పికొడతాయి. పెట్టెలు 2.4, 5 గిగాహెర్ట్‌జ్ అనే రెండు తరంగశ్రేణులలో పనిచేస్తాయి. 5లో వేగం ఎక్కువ, గోడ దాటే శక్తి తక్కువ.

దీనికి విరుగుడుగా వచ్చినదే మెష్, అనగా వల. రెండు మూడు పెట్టెలు సంకేతాన్ని ఒకదానికొకటి అందించుకొంటూ ఇల్లంతటికీ ఒకే పేరుతో వైఫై ఇస్తాయి. అయితే రెండవ పెట్టెను సిగ్నల్ రాని గదిలోనే పెట్టడం అందరూ చేసే పొరపాటు. నేనూ చేశాను. ఫోనులో గీతలు నిండుగా కనిపించాయి. మా అమ్మాయి పరీక్ష దరఖాస్తు మాత్రం రుసుము చెల్లించే వేళకు నిలిచిపోయింది. ఆ గీతలు ఫోనుకూ దగ్గరి పెట్టెకూ నడుమ గల బలాన్నే చూపుతాయి. ఆ పెట్టెకు మొదటి దాని నుండి ఏమి అందుతున్నదో చూపవు. బావి నుండి కడవలు చేతులు మార్చేటప్పుడు రెండవ మనిషి మొదటివాని చేతికి అందే దూరంలో నిలవాలి గదా!

కాబట్టి రెండవ పెట్టెను ఆపి ఉంచి, ఫోనులో వీడియో పెట్టుకొని మొదటి పెట్టె నుండి లోపలికి నడవండి. వీడియో తడబడక ఆడే చివరి చోటే దాని స్థానం. మన ఇళ్ళలో ద్వారాలు తరచు ఒకే వరుసలో ఉంటాయి. పెట్టెలు రెండూ ఆ వరుసలో ఒకదానికొకటి కనిపించేలా ఉంటే మరీ మేలు.

గోడలోని గూడు చూడగానే అందులో పెట్టాలనిపిస్తుంది. వద్దు. మూడు వైపులా రాయే. అయిదారు అడుగుల ఎత్తున చెక్క పలకపై, గోడకు కాస్త ఎడంగా ఉంచండి. మేకు దిగాలంటే రాతిని కాక, రాళ్ళ నడుమ గచ్చును తొలవాలి. ఫ్రిజ్, నీళ్ళ తొట్టి, బీరువా పక్కన పెట్టవద్దు. పట్టుపురుగుల ఇంటిలోనూ పెట్టకండి. అక్కడి తేమ, బ్లీచింగ్ పొడి లోపలి భాగాలను తినివేస్తాయి.

తీగ లేని ప్రతి మజిలీలోనూ వేగం తగ్గుతుంది. పుచ్చుకోవడం, ఇవ్వడం ఒకే తరంగశ్రేణిపై జరిగితే దాదాపు సగమవుతుంది. అందుచేత మూడవ పెట్టె కొనే ముందు రెండింటి నడుమ ఈథర్‌నెట్ తీగ లాగి చూడండి. 100 మీటర్ల వరకు అది పనిచేస్తుంది, రాతిని లెక్కచేయదు. నా అనుభవంలో ఇంతకు మించిన ఉపాయం లేదు.

కరెంటు పోయినప్పుడు పెట్టెలన్నిటికీ బ్యాటరీ ఉండాలి. మొదటి దానికి మాత్రమే ఉంటే వెనుక గది మళ్ళీ మూగబోతుంది.