రెండవ యిల్లు కట్టుటకు ముందు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దల సామెత. పెండ్లియైన కొడుకునకు వేఱిల్లు కట్టవలసివచ్చినపు డీ రెండు భారములును ఒక్కసారియే యింటి యజమానుని నెత్తిన బడుచున్నవి. కొడుకు లిద్దరికిని సంసారములు పెరిగినపిమ్మట తాతలనాటి యిల్లు చాలదు. అప్పుడు ఊరి నానుకొనియున్న తోటలోనో మెట్టచేనిలోనో రెండవ యిల్లు లేచును. ఇది సంతోషింపదగినదే. కాని యా నేల పంపకము కాని ఉమ్మడి నేల యైనచో, పునాది త్రవ్వుటకు ముందు యోచింపవలసిన సంగతులు కొన్ని కలవు. వానిని రైతుసోదరులకు మనవి చేయుచున్నాను.

పచ్చిరొట్ట యెరువు ప్రదర్శన మడి చూపుటకు నేను తఱచు పోవు నొక గ్రామమున నొక కుటుంబము కలదు. వారికి ఊరిచెంత రెండెకరముల తోటభూమియు, అందొక బావియు నున్నవి. తల్లి గతించిన పిమ్మట, తండ్రి యుండగనే, పెద్దకొడుకు బాటప్రక్కను డాబా యిల్లు కట్టుకొనెను. చోటు అందఱకును సమ్మతమైనదే. “మనలో మనకు కాగితమేల?” అని తండ్రి యనెను. ఆఱేండ్లకు ఆయన వీలునామా లేకయే కాలము చేసెను. పిమ్మట కూతురు, భర్త జబ్బుపడి చేతిలో పైకము లేక, తన భాగ మడిగెను. సర్వేయరు వచ్చి కొలువగా మూడు భాగముల గీటు పెద్దవాని వంటయింటి మీదుగా పోయెను. బావి యొకరి భాగమున బడెను. వెనుక భాగమునకు బండి పోవు దారియే లేకపోయెను.

నాలుగు మాసములు ఆ తోబుట్టువుల నడుమ మాటలు లేవు. ఒకనాడు నా యెదుటనే ఆ చెల్లె లనిన మాట యిది: “అన్నా, నీ యిల్లు కూల్చుమని నే ననలేదు. నా భాగ మెక్కడ నున్నదో చూపుమనియే అడిగితిని.” అన్న తల వంచుకొనెను. చూపుటకు గీటు ఉండిన గదా!

కావున మొదట తేల్చుకొనవలసినది భాగస్థు లెవరనునది. హిందూ కుటుంబములలో 1956వ సంవత్సరపు వారసత్వ చట్టమునకు 2005లో జరిగిన సవరణవలన పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో కొడుకులతోపాటు కూతుళ్లకును పుట్టుకతోడనే సమాన హక్కు కలదు. పెండ్లియైనంత మాత్రమున నది పోదు. ఆ సవరణ అమలులోనికి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి జీవించియుండకపోయినను ఆ హక్కు చెల్లునని సుప్రీముకోర్టు 2020లో తీర్పు చెప్పినది. తండ్రి స్వార్జితమైనచో ఆతడు తన యిష్టప్రకారము వీలునామా వ్రాయవచ్చును. వ్రాయకయే గతించిన భార్యకును, బిడ్డలకును, ఆతని తల్లి యున్నచో నామెకును సమభాగములు వచ్చును. “ఆడపిల్లకు కట్న మిచ్చితిమి, పని తీరినది” అనుకొని యిల్లు కట్టుట ఇసుకలో గట్టు వేయుటయే.

రెండవది నేల లెక్క. ఎకరమునకు 100 సెంట్లు, సెంటునకు 435.6 చదరపుటడుగులు. పై కుటుంబమున ముగ్గురికి తలకు 66 సెంట్లకు కొంచెము పైగా వచ్చును. ట్రాక్టరు తొట్టితో పోవుటకు 12 అడుగుల బాట 100 గజముల పొడవున విడిచిన 3,600 చదరపుటడుగులు, అనగా 8 సెంట్లకు పైన పోవును. ఇంటికిని వాకిటికిని 10 సెంట్లు, పసులపాకకును గడ్డివామికిని పెంటకుప్పకును 5 సెంట్లు వేసికొన్నను మొత్తము 23 సెంట్లగును. ఒక భాగములో మూడవ వంతునకు మించిన నేల సేద్యమునకు దూరమైనట్లే! ఇల్లు బాటకు దగ్గఱగా కట్టిన ఈ నష్టము చాలవఱకు తగ్గును. అయినను వెనుక భాగస్థునకు దారి విడువక తప్పదు.

మూడవది చోటు నిర్ణయించుట. ముందు భాగము లన్నిటికిని మేకులు పాతి, పిమ్మట ఒక భాగము లోపలనే యింటికి ముగ్గు పోయవలెను. చూరునీరు తన నేలలోనే పడునట్లు గీటునుండి మూడు నాలుగడుగులు విడువవలెను. మరుగుదొడ్డి గొయ్యి బావికి 50 అడుగులకు తక్కువ దూరమున నుండరాదు. బావి ఉమ్మడిగా నుండదలచిన, నీటి వంతులును, మోటారు మరమ్మతు ఖర్చును ముందే వ్రాసికొనవలెను. సాగునేలలో ఇల్లు కట్టుటకు గల నియమములు మాఱుచుండును గనుక పంచాయతీలోను తాసీల్దారు కచ్చేరిలోను విచారించి, అనుమతి పొందిన పిమ్మటనే పని మొదలిడవలెను.

నాలుగవది కాగితము. 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము ననుసరించి 100 రూపాయలకు తక్కువ కాని స్థిరాస్తిని పంచు దస్తావేజు రిజిస్టరు కావలయును. ఆడబిడ్డ తన భాగమును వదలుకొనదలచినను అట్టి దస్తావేజే వలయును. తెల్లకాగితముపై వ్రేలిముద్ర చాలదు. సర్వేయరుచే కొలిపించి సబ్‌డివిజను నంబరులును వేయించుకొనవలెను. అంతయు నిప్పుడే పంచుకొన నిష్టము లేనివారు ఇంటి స్థలము, బాట, బావి యీ మూడింటి మట్టుకైనను తేల్చుకొనుట మేలు.

ఇల్లు కట్టినవానికి ఆ భాగమునే యిచ్చుటకు న్యాయస్థానములు సాధారణముగా చూచును గాని దానిని నమ్ముకొని కట్టుట తగదు. పంచుటకు వీలుకాని ఆస్తిని, సగమునకు తక్కువ కాని భాగము గలవారు కోరినచో, అమ్మించి సొమ్ము పంచుటకు 1893వ సంవత్సరపు పంపకముల చట్టమున అధికారము కలదు.

తండ్రి యుండగా పంపకముల మాట యెత్తుట అశుభమని కొంద ఱందురు. కాగితముమీద గీటు గీచినంతనే మనసులు వేఱగునా? గీటు లేకపోవుటచేతనే ఆ తోబుట్టువులు నాలుగు మాసములు ఒకరి గడప నొకరు త్రొక్కలేదు. హద్దు తెలిసిన పొలమున గట్టు తగవు తక్కువ యని రైతున కొకరు చెప్పవలెనా?

ఆ కుటుంబమువారు తుదకు పెద్దల సమక్షమున ఒడంబడిరి. పెద్దవాడు ఇల్లున్న భాగమును తీసికొని, వెనుకనున్న మంచినేలలో కొంత వదలుకొని, చెల్లెలికి రొక్కమును చెల్లించెను. ఆ రొక్కమునకు రెండు పంటల రాబడి పోయినది. మేకులు ముందే పాతియున్నచో ఒక్క పైసయు పోకుండెడిది. ఈ యేడు తమ్ముడును ఇల్లు కట్టుచున్నాడు. ముగ్గు పోసిన నాడు మువ్వురు తోబుట్టువులును హద్దురాళ్లచెంత నిలిచి చూచిరి. ఆనాటి భోజనము పెద్దన్న యింటనే జరిగినది.

— ఒక వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు