తీరిక వేళే తరగతి వేళ



వయోజన విద్య అనగానే మనకు గుర్తొచ్చేది రాత్రిబడి. లాంతరు వెలుగు, పలకా బలపం, పగలంతా పనిచేసి వచ్చి ఓనమాలు దిద్దే పెద్దవాళ్లు. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైనప్పుడు ఊరూరా కనిపించిన దృశ్యం ఇదే. అయితే చదువు కావలసిన పెద్దవాళ్లు పట్నంలోనూ ఉన్నారండీ. పదో తరగతి కాగానే పెళ్లయినవారు, ఇంటరు మధ్యలో పురిటికి వెళ్లి మళ్లీ కాలేజీ ముఖం చూడనివారు, డిగ్రీ ఉండి కూడా కంప్యూటరు ముందు కూర్చోగానే బెదిరిపోయేవారు. వీరికి తెలివితేటలకేం లోటు లేదు. పది గంటలకు బడి అంటే సరిగ్గా పది గంటలకు ఇల్లు వదిలి వెళ్లగలిగే ఇల్లాళ్లు ఎంతమంది, చెప్పండి?

మనం బడికి వెళ్లలేనప్పుడు బడే మన దగ్గరకు రావాలి. ఈ ఆలోచన మనకు కొత్త కాదు. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసింది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటరు లేకపోయినా ఆనాడు అర్హత పరీక్ష రాసి, ఇంట్లో పుస్తకాలు చదువుకుని, రేడియోలో పాఠాలు విని పట్టభద్రులైన గృహిణులు ఎందరో ఉన్నారు. కాని రేడియో పాఠానికి ఒక చిక్కుంది. పాలు పొంగుతున్నాయని మనం లేచి వెళ్లినా అది మన కోసం ఆగదు. "ఇంకోసారి చెప్పండి మాస్టారూ" అనడానికీ వీల్లేదు.

ఆన్‌లైన్ చదువు ఆ చిక్కును తీర్చింది. పాఠాన్ని ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు, పిల్లలు బడికి వెళ్లాక వినవచ్చు, అందరూ పడుకున్నాకా వినవచ్చు. ఇలాంటి తరగతులు నడిపే సాధనాల్లో బాగా పేరున్నది మూడుల్. దాని పుట్టుక కథ రేడియో శ్రోతలమైన మనకు ముచ్చటగా ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఊళ్లకు వందల మైళ్ల దూరంలో బతికే పిల్లల కోసం 1951లో ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణంలో రేడియో బడి పెట్టారు. టీచరు మాటలు పిల్లలకు, పిల్లల మాటలు టీచరుకు రేడియోలోనే వినబడేవి. తర్వాత మరికొన్ని చోట్లా అటువంటి బళ్లు వచ్చాయి. పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో పెరిగిన మార్టిన్ డూగియామస్ అనే కుర్రవాడు అలా రేడియోలో చదువుకున్నవాడే. పెద్దయ్యాక పెర్త్ నగరంలో ఒక విశ్వవిద్యాలయంలో ఆన్‌లైన్ పాఠాల వ్యవస్థను చూసుకునే పని దొరికింది. కొని తెచ్చిన సాఫ్ట్‌వేరు అతనికి నచ్చలేదు. తనే ఒకటి రాసి 2002లో మూడుల్ పేరుతో లోకానికి ఇచ్చేశాడు. బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ అంతటిది 2005లో దాన్నే ఎంచుకుంది.

"ఇచ్చేశాడు" అన్నాను కదా, ఆ మాటలోనే అసలు సంగతి ఉంది. సాఫ్ట్‌వేరు అంటే కంప్యూటరు ఏం చేయాలో వరుసగా రాసిపెట్టిన ఆజ్ఞలు. ఆ రాతను చాలా సంస్థలు దాచిపెట్టి, వాడుకునే హక్కు మాత్రమే అమ్ముతాయి. రాతను అందరికీ చూపించి, "వాడుకోండి, చదువుకోండి, మార్చుకోండి, పదిమందికీ పంచండి" అని ఇచ్చేదాన్ని ఓపెన్ సోర్స్ అంటారు.

జాకెట్టుతో పోల్చి చూద్దాం. బజారులో కుట్టిన జాకెట్టు కొంటాం. బిగుతైతే వదులు చేద్దామంటే లోపల గుడ్డ ఉంచి ఉండరు. అదే ఎవరైనా కొలతలు గీసిన కత్తిరింపు కాగితం చేతికిచ్చారనుకోండి, మన ఒంటికి తగ్గట్టు మార్చుకోవచ్చు, చేతులు పొడుగు పెట్టుకోవచ్చు, పక్కింటి వదినకూ ఇవ్వవచ్చు. మూడుల్ లాంటి వాటికి ఒక షరతు కూడా ఉంది. మీరు మార్చి వేరొకరికి ఇస్తే, మార్చిన కాగితం కూడా అదే హక్కులతో వాళ్లకు ఇవ్వాలి. దాచుకోకూడదు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ఈ ఉద్యమం మొదలుపెట్టాడు. ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకే మాట ఉండటంతో ఆయన మాటను చాలామంది తప్పుగా అర్థం చేసుకున్నారు. మనకా బాధ లేదు, రెండింటికీ వేరువేరు మాటలున్నాయి. ఇది మొదట స్వేచ్ఛ, ఆ తర్వాతే ఉచితం.

ఇందులో మనకేం లాభం అంటారా? పెద్దవాళ్లకు చదువు చెప్పే సంస్థలు సాధారణంగా డబ్బున్నవి కావు. ఒక మహిళా మండలి టైలరింగు, పద్దులు, స్పోకెన్ ఇంగ్లీషు ఆన్‌లైన్‌లో నేర్పాలనుకుంటే, విద్యార్థినికి ఇంత అని ఏటేటా రుసుము కట్టగలదా? ఓపెన్ సోర్స్ అయితే ఆ రుసుము ఉండదు. కంప్యూటరు సర్వరుకూ, దాన్ని చూసుకునే మనిషికీ, చదువు చెప్పేవారికీ ఖర్చు మాత్రం ఉంటుంది. ఆ డబ్బైనా చదువుకే పోతుంది. అమ్మిన కంపెనీ రేపు ధర పెంచినా, దుకాణం కట్టేసినా మన పాఠాలు వాళ్ల తాళంలో ఇరుక్కోవు. భాష సంగతి మరీ ముఖ్యం. తెర మీది మాటలను ఎవరి భాషలోకి వారు తిప్పుకోవచ్చు కనుక మూడుల్ వందకు పైగా భాషల్లోకి వెళ్లింది.

ఇక మన దగ్గరకు వద్దాం. బొంబాయి ఐఐటీలో స్పోకెన్ ట్యుటోరియల్ అనే పథకం ఉంది. ప్రొఫెసర్ కణ్ణన్ మౌద్గల్య నాయకత్వంలో వచ్చింది. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లను సుమారు పది నిమిషాల చిన్న చిన్న పాఠాలుగా నేర్పుతారు. తెర మీద పని జరుగుతూ ఉంటుంది, వెనుక మాట వినబడుతుంది. ఆ మాట తెలుగులోనూ ఉంది. తెరకు ఒక పక్క పాఠం, రెండో పక్క మన అభ్యాసం. వాళ్లు చేసినంత చేసి, ఆపి, మనమూ చేసి, మళ్లీ ముందుకు వెళ్లాలి. పాఠం బయటకు రాకముందు ఆ విషయం బొత్తిగా తెలియని మనిషికి చూపించి, అర్థమైందో లేదో పరీక్షిస్తారు. అందుకే మనలాంటి వాళ్లకూ అందుతుంది.

మొదట ఏం నేర్చుకోవాలి? లిబ్రే ఆఫీస్ అని ఉంది. ఉచితంగా దొరుకుతుంది, అదీ ఓపెన్ సోర్సే. అందులో కాల్క్ అనే లెక్కల పుస్తకంలో ఇంటి ఖర్చులు, చీటీ వాయిదాలు, అపార్టుమెంటు మెయింటెనెన్సు పద్దు వేసుకోవచ్చు. ఒక్క అంకె మార్చితే కిందున్న మొత్తం దానంతట అదే మారుతుంది. అది కళ్లారా చూసిన రోజున కంప్యూటరంటే భయం సగం పోతుంది. ఇంకా పెద్ద చదువు కావాలంటే 2017లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన స్వయం ఉంది. పాఠాలు ఉచితం, ధ్రువపత్రం కావాలంటే రుసుము కట్టి పరీక్ష రాయాలి. పది, ఇంటరు మధ్యలో ఆపినవారికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూళ్లున్నాయి.

ఇంత సులువైనా చాలామంది మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తారు. తీరిక వేళ అంటే ఎప్పుడో ఒకప్పుడు అనుకుంటాం, ఆ ఎప్పుడో రాదు. కొందరి ఇంట్లో ఫోను ఒకటే, అది పిల్లల చేతిలోనో ఆయన జేబులోనో ఉంటుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు ఒంటరితనం. పెద్దవాళ్లం మాట్లాడుకుంటూ నేర్చుకుంటాం. నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి గుర్తుచేసుకోండి. 1990ల మొదట్లో అక్షరాస్యతా కేంద్రంలో ఆడవాళ్లు సారా మీద ఒక పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు, అందరూ కూర్చుని చర్చించుకుని తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. పాఠం పుస్తకంలో ఒక్క పేజీయే, దానికి బలం ఇచ్చింది పదిమంది మాట. మూడుల్ తయారుచేసిన మనిషి నమ్మకమూ ఇదే. కలిసి ఏదైనా చేస్తూ, ఒకరికొకరు చెప్పుకుంటూ ఉంటే చదువు నిలబడుతుందని. అందుకే ఆ తరగతుల్లో పాఠంతోపాటు ప్రశ్నలు అడగడానికి, తోటివారికి జవాబు చెప్పడానికి చోటు ఉంటుంది. సిగ్గుపడకుండా వాడుకోండి.

చేయవలసినవి నాలుగే. రోజుకు అరగంట చాలు, కాని ఏ అరగంటో ఖాయం చేసి ఇంట్లో అందరికీ చెప్పండి. పూజ వేళకు ఇచ్చే మర్యాద దానికీ ఇమ్మనండి. ఒక్కరే కాక పొరుగున ఇంకొకరిని జత చేసుకోండి. సాఫ్ట్‌వేరును దాని సొంత సైటు నుంచే దింపుకోండి. ఉచిత కోర్సని ఫోను చేసి డబ్బు గాని, ఓటీపీ గాని అడిగితే ఇవ్వకండి.

పిల్లల హోంవర్కు చూసిన చేతులే, ఆయన ఆఫీసు కాగితాలు సర్దిన చేతులే మనవి. రోజులో అరగంట మన చదువుకు మిగుల్చుకుంటే ఇల్లేమీ ఆగిపోదు. మొదటి పాఠం పది నిమిషాలే. మధ్యలో కుక్కరు కూత వేస్తే పాఠాన్ని ఆపి వెళ్లిరండి. వచ్చేదాకా అది అక్కడే ఉంటుంది.