పాత కంప్యూటరునకు క్రొత్త విద్యుత్ పెట్టె

యంత్రభాగములు చెడుట రెండు విధములు. దీపము చెడినచో ఆరిపోవును. నష్టము అంతటితో ముగియును. ఆవిరి బాయిలరు మీది రక్షణ కవాటము బిగిసికొనిపోయినచో బాయిలరే పగులవచ్చును. పాత కంప్యూటరునకు విద్యుత్తు నిచ్చు పెట్టెను క్రొత్తగా నిర్మింపదలచువారు ఈ భేదమును మొట్టమొదట గ్రహింపవలెనని మా యభిప్రాయము.

ఉదాహరణముగా కామడోర్ 64 అను గృహ కంప్యూటరును గైకొందము. ఇది 1982వ సంవత్సరమున అమెరికా దేశమున వెలువడి, 1994 వఱకు తయారయ్యెను. పేరులోని 64 దాని జ్ఞాపకశక్తి పరిమాణమగు 64 కిలోబైట్లను తెలుపును. దాని విద్యుత్ పెట్టె యంత్రమునకు వెలుపల నుండి, రెండు తీరుల విద్యుత్తు నిచ్చును: 5 వోల్టుల ఏకముఖ ప్రవాహము, 9 వోల్టుల ఏకాంతర ప్రవాహము.

మొదటిది చిప్పులలో పెక్కింటిని నడుపును. రెండవదానినుండి యంత్రములోపల 12 వోల్టులు సిద్ధమై, పాత బోర్డులలో చిత్రమును, ధ్వనిని పుట్టించు చిప్పులకు చేరును. ఆ ప్రవాహము సెకనునకు చేయు 50 లేక 60 ఆవర్తనములను లెక్కించియే లోపలి గడియార మొకటి నడచును. కావున దానికి బదులు 9 వోల్టుల ఏకముఖ ప్రవాహ మిచ్చినచో పని జరుగదు.

పాత పెట్టెలో రెగ్యులేటరు అను భాగము వోల్టేజిని 5 కడ నిలుపును. మిగిలినదానిని వేడిగా మార్చును. లోనికి 9 వోల్టులు వచ్చి, 1.5 ఆంపియరు ప్రవహించెననుకొందము. మిగులు 4 వోల్టులను 1.5 చే గుణింపగా 6 వాట్ల వేడి పుట్టును. పెక్కు పెట్టెలలో రెసిను పోసి మూసియుండుటచే విప్పి బాగుచేయుట దుర్లభము. ఏండ్లు గడచి రెగ్యులేటరు లోపల షార్టయినచో, హెచ్చు వోల్టేజి నేరుగా చిప్పులకు తగులును. అవి 5.25 వోల్టుల వఱకే పనిచేయుటకు ఏర్పడినవి. జ్ఞాపకశక్తి చిప్పులకు 7 వోల్టులు కడపటి హద్దు. నాటి ధ్వని చిప్పు ఇప్పుడు తయారగుట లేదు, పోయినది పోయినట్లే.

క్రొత్త పెట్టెలో 9 వోల్టులకై ఒక ట్రాన్సుఫార్మరును, ఫ్యూజును అమర్చవలెను. 5 వోల్టులకై స్విచింగు సప్లయి మేలు. అది విద్యుత్తును అతివేగముగా తెంచుచు కలుపుచు వోల్టేజిని దించును గనుక వేడి స్వల్పము. ఈ రెంటికంటె ముఖ్యమైనది కావలి వలయము. వోల్టేజి 5.5 దాటిన వెంటనే అది రిలేను విడిచి ప్రవాహమును తెంచవలెను. వోల్టేజి సరిగా నున్నంతవఱకే రిలే పట్టుకొని యుండునట్లు కూర్చినచో, రిలేకు విద్యుత్తు అందకపోయినను కంప్యూటరు ఆరిపోవునే గాని కాలిపోదు.

పిమ్మట పరీక్ష. కంప్యూటరునకు మాఱుగా 3.3 ఓముల, 25 వాట్ల నిరోధకమును తగిలించినచో సుమారు 1.5 ఆంపియరు ప్రవహించును. గంటసేపు మీటరు 5 వోల్టుల కడ కదలకున్నయెడల పెట్టె నమ్మదగినది. విద్యార్థులారా, 230 వోల్టులు ప్రాణాంతకములు. తెలిసిన పెద్దలు చెంత లేనిదే ఈ పనికి పూనుకొనరాదు.

పెట్టె సరిగా పనిచేయు దినములు పెక్కు. చెడు దినము ఒక్కటే. నిర్మాత ఆలోచన యంతయు ఆ ఒక్క దినమును గూర్చి యుండవలెను.