గోల్‌ కొట్టినా... ఉద్యోగమే ఆధారం
తెలుగునేల ఫార్వర్డ్‌ బలరాం జీవితం చెప్పే పాఠం

పుట్టపర్తి: ఆట కూడు పెడుతుందా? కరవు సీమలో పిల్లవాడు బంతి వెంట పరుగెడుతుంటే తల్లిదండ్రులకు ముందుగా కలిగే సందేహం ఇదే. వేరుశనగ చేతికందని ఏడాది బెంగళూరుకు వలస వెళ్లే కుటుంబాలకు ఈ ప్రశ్న మరింత బరువైనది. ఉమ్మడి అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థ (ఆర్డీటీ) క్రీడా గ్రామంలో ఫుట్‌బాల్‌ శిక్షణ లభిస్తోంది. అయితే శిక్షణ తర్వాత ఏమిటన్నదే అసలు సమస్య. దీనికి సమాధానం తెలుగు నేలపై పుట్టిన ఫార్వర్డ్‌ తులసీదాస్‌ బలరాం జీవితంలో కనిపిస్తుంది.

అమ్ముగూడ నుంచి ఒలింపిక్స్‌కు..

బలరాం 1936లో సికింద్రాబాద్‌ సమీపంలోని అమ్ముగూడలో సామాన్య కుటుంబంలో జన్మించారు. హైదరాబాద్‌కు చెందిన సుప్రసిద్ధ శిక్షకుడు సయ్యద్‌ అబ్దుల్‌ రహీం దృష్టిలో పడటంతో ఆయన దశ తిరిగింది. 1956లో మెల్‌బోర్న్‌ ఒలింపిక్స్‌కు బలరాం ఎంపికయ్యారు. ఆ పోటీల్లో భారత్‌ సెమీఫైనల్‌ చేరి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్‌ ఫుట్‌బాల్‌లో ఒక ఆసియా జట్టు సెమీస్‌ చేరడం అదే ప్రథమం.

1960 రోమ్‌ ఒలింపిక్స్‌లో బలమైన హంగేరీ 2-1తో భారత్‌పై గెలిచింది. మన జట్టు చేసిన ఆ ఒక్క గోల్‌ బలరాందే. పెరూ చేతిలో 1-3తో ఓడిన మ్యాచ్‌లోనూ భారత్‌ గోల్‌ ఆయన పాదం నుంచే వచ్చింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచిన జట్టులో ఆయన సభ్యుడు. అదే ఏడాది అర్జున అవార్డు వరించింది. పి.కె.బెనర్జీ, చునీ గోస్వామి, బలరాంలను భారత ఫుట్‌బాల్‌ త్రిమూర్తులుగా నేటికీ చెప్పుకుంటారు.

జీతం ఎవరిచ్చేవారు?

ఇంగ్లండ్‌లో అగ్రశ్రేణి లీగ్‌లో 20 క్లబ్బులు, దాని దిగువన మూడు అంచెల్లో 72 క్లబ్బులు ఉన్నాయి. పేరు పెద్దగా తెలియని కింది అంచె స్ట్రైకర్‌కు కూడా అక్కడ క్లబ్బే జీతమిస్తుంది. ఒప్పందం ముగిస్తే మరో ఊరి క్లబ్బును వెతుక్కోవాలి. అంతకంటే దిగువన ఆడేవారిలో చాలామంది పగలు వేరే పని చేసుకుంటూ సాయంత్రం సాధన చేస్తారు.

బలరాం కాలంలో మన దేశంలో ఆ ఏర్పాటు లేదు. ఆటగాళ్లు ఔత్సాహికులుగానే పరిగణింపబడేవారు. పోలీసు, రైల్వే వంటి శాఖల ఉద్యోగమే ఆటగాడి ఇంటికి ఆధారం. బెనర్జీ ఈస్టర్న్‌ రైల్వే జట్టును వీడకుండా ఆడటం ఇందుకు నిదర్శనం. బలరాం కలకత్తా వెళ్లి ఈస్ట్‌ బెంగాల్‌ క్లబ్బుకు ఏళ్ల తరబడి ఆడారు. 1961లో ఆయన సారథ్యంలో ఆ జట్టు కలకత్తా లీగ్‌ గెలుచుకుంది. అనంతరం ఆయన కూడా బెంగాల్‌ నాగ్‌పుర్‌ రైల్వే (బీఎన్‌ఆర్‌) జట్టులో చేరడం గమనార్హం.

27 ఏళ్లకే విశ్రాంతి

స్ట్రైకర్‌కు వేగమే పెట్టుబడి. రక్షకుల మధ్య దొరికే రెండడుగుల సందులో అందరికంటే ముందు బంతిని అందుకోవాలి. ఊపిరి నిలవకపోతే ఎంత నైపుణ్యమున్నా వ్యర్థమే. బలరాం విషయంలో అదే జరిగింది. ఊపిరితిత్తుల వ్యాధి కారణంగా 1963లో ఆయన ఆట నుంచి తప్పుకోవలసి వచ్చింది. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు నిండీ నిండలేదు. ఆయనను తీర్చిదిద్దిన రహీం కూడా అదే ఏడాది క్యాన్సర్‌తో కన్నుమూశారు.

సహచరులు చునీకి 1983లో, బెనర్జీకి 1990లో పద్మశ్రీ లభించింది. బలరాంకు ఆ గౌరవం దక్కలేదు. బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో స్థిరపడిన ఆయన 2023 ఫిబ్రవరి 16న తుదిశ్వాస విడిచారు.

పిల్లలకు ఏం చెప్పాలి?

అమ్ముగూడ బాలుడు రోమ్‌ వరకు వెళ్లగలిగినప్పుడు కొత్తచెరువు, బుక్కపట్నం పిల్లలకూ దారి మూసుకుపోలేదు. కానీ మైదానంలో గడిపే కాలం పదేళ్లకు మించకపోవచ్చు. గాయమో, జబ్బో తగిలితే అంతకంటే ముందే ముగియవచ్చు. రైల్వే తదితర శాఖల్లో క్రీడా కోటా నియామకాలు నేటికీ ఉన్నాయి. వాటికి ఆటలో ప్రతిభతో పాటు విద్యార్హత తప్పనిసరి. పాల్గొన్న ప్రతి పోటీ ధ్రువపత్రాన్నీ భద్రపరచుకోవాలి. దగ్గు, ఆయాసం కనిపిస్తే దాచకుండా వైద్యుని సంప్రదించాలి. బంతిని ఒక చేత్తో, పుస్తకాన్ని మరో చేత్తో పట్టుకున్న పిల్లవాడి ఇంట్లోనే ఆట కూడు పెడుతుంది.