పాడైన ఫైలు నుండి వాన లెక్క: ఇంటి వాతావరణ కేంద్రాల డేటా పునరుద్ధరణ

క్షేత్ర ప్రయోగం విఫలమైతే మరుసటి ఋతువులో తిరిగి చేయవచ్చు. గడచిన ఋతువులో కురిసిన వానను మాత్రం తిరిగి కొలవడం సాధ్యం కాదు. ఇళ్లలోను, రైతుల పొలాలలోను నెలకొల్పిన చిన్న వాతావరణ కేంద్రాల డేటా ఫైలు పాడైనప్పుడు అది కేవలం కంప్యూటరు సమస్యగా మిగలదు. నీటి తడుల నిర్ణయం, తెగుళ్ల హెచ్చరిక, పంట దశల అంచనా అన్నీ ఆ ఫైలుపైనే ఆధారపడి ఉంటాయి. పాడైన ఫైలు నుండి చాలా భాగాన్ని తిరిగి పొందవచ్చు. అయితే పొందిన ప్రతి సంఖ్యా కొలిచినదా, అంచనా వేసినదా అన్నది స్పష్టంగా ఉంచడం అంతకన్న ముఖ్యం.

ఫైలు పాడగుటకు కారణాలు

సాఫ్ట్‌వేర్ నిర్ణీత వ్యవధిలో ఒక్కొక్క నమోదును ఫైలుకు చేరుస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో విద్యుత్తు పోతే వరుస సగంలో తెగిపోతుంది. కొన్నిసార్లు ఫైలు చివర అర్థంలేని శూన్య సంకేతాలు నిండుతాయి. రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటర్లలో మెమరీ కార్డు అరిగిపోవడం మరొక కారణం.

పునరుద్ధరణ క్రమం

మొదట సాఫ్ట్‌వేర్‌ను నిలిపివేయాలి. పాడైన ఫైలును యథాతథంగా వేరొక చోటికి నకలు తీసి, ఆ నకలుపైనే పని చేయాలి. వీవెక్స్ వంటి సాఫ్ట్‌వేర్ సాధారణంగా ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌ను వాడుతుంది. దాని పక్కన జర్నల్ ఫైలు ఉంటే దానిని తొలగించకుండా రెండింటినీ కలిపి నకలు తీయాలి. ఆగిపోయిన వ్రాతను సరిదిద్దే సమాచారం అందులోనే ఉంటుంది. తరువాత ఇంటెగ్రిటీ చెక్ ఆదేశంతో లోపాలను పరీక్షించి, రికవర్ ఆదేశంతో చదవగలిగిన నమోదులను కొత్త డేటాబేస్‌లోకి మార్చాలి. రోజువారీ సారాంశ పట్టికలను మూల నమోదుల నుండి తిరిగి నిర్మించాలి.

క్యుములస్ వంటి సాఫ్ట్‌వేర్ నెలవారీ పాఠ్య ఫైళ్లను వ్రాస్తుంది. వీటిని సాధారణ టెక్స్ట్ ఎడిటర్‌లో తెరచి, తెగిన వరుసను మాత్రమే తొలగించాలి. ఎక్సెల్‌లో తెరచి భద్రపరిస్తే తేదీల రూపం మారిపోయి, జూన్ 5 కాస్తా మే 6 అయ్యే ప్రమాదం ఉంది.

పోయిన నమోదులు పరికరం లాగర్‌లో ఇంకా ఉండవచ్చు. డేవిస్ వాంటేజ్ ప్రో 2 లాగర్ 2,560 నమోదులను నిలువ చేస్తుంది. 30 నిమిషాల వ్యవధిలో ఇది సుమారు 53 రోజులకు, 5 నిమిషాల వ్యవధిలో 8 రోజులకు పైగా సరిపోతుంది. ఆ తరువాత పాత నమోదులపై కొత్తవి చేరతాయి. కనుక ఆలస్యం తగదు. ఈ దశలో నమోదు వ్యవధిని మార్చరాదు; మార్చితే లాగర్ మెమరీ చెరిగిపోతుంది. డేటాబేస్‌ను చివరి మంచి నమోదు వరకు సరిచేసి తిరిగి ప్రారంభిస్తే, వీవెక్స్ ఆ తరువాతి నమోదులను లాగర్ నుండి తానే తెచ్చుకుంటుంది.

ఏది తిరిగి వస్తుంది, ఏది రాదు

అన్ని అంశాలూ ఒకే విధంగా తిరిగి రావు. ఉదాహరణకు విరామానికి ముందు సంచిత వర్షపాతం 412.6 మి.మీ., తరువాత 447.0 మి.మీ. ఉన్నదనుకుందాం. పరికరం బ్యాటరీపై లెక్కిస్తూనే ఉన్నట్లయితే విరామంలో 34.4 మి.మీ. కురిసిందని, అనగా 0.2 మి.మీ. టిప్పింగ్ బకెట్ 172 సార్లు ఒరిగిందని చెప్పవచ్చు. ఆ వాన ఒక గంటలో పడినదా, రెండు రోజులలో పడినదా అన్నది తెలియదు. నేల కోత, నీటి ప్రవాహ అధ్యయనాలకు ఆ తేడాయే ప్రధానం. మధ్యాహ్నపు నమోదులు పోతే గరిష్ఠ ఉష్ణోగ్రతను సగటుల నుండి పొందలేము. కన్సోల్ దానిని విడిగా దాచి ఉంటేనే లభిస్తుంది.

ఖాళీ సున్నా కాదు

వర్షపాతంలో సున్నా ఒక కొలత. ఖాళీ కొలత లేకపోవడం. ఖాళీని సున్నాతో నింపితే లేని బెట్ట కనిపించి అనవసరపు తడికి సలహా వెళ్తుంది. ఉష్ణోగ్రతలోనూ ఇదే ప్రమాదం. సగటు 28 డిగ్రీలున్న మూడు రోజుల స్థానంలో సున్నాలు చేరితే, 10 డిగ్రీల ఆధార ఉష్ణోగ్రతపై 54 ఉష్ణ దినాలు లెక్కలో తగ్గి, పంట దశ వెనుకబడినట్లు తోస్తుంది. 3,276 డిగ్రీల వంటి అసంభవ విలువ వెంటనే పట్టుబడుతుంది. నమ్మదగినట్లు కనిపించే తప్పు ఏళ్ల తరబడి పట్టికలో ఉండిపోతుంది. అందుచేత ప్రతి నమోదు పక్కన కొలిచినది, లాగర్ నుండి తెచ్చినది, అంచనా, లేదు అనే గుర్తులలో ఒకటి ఉండాలి.

మనదేశంలో వర్షపాత దినం ఉదయం 8:30 గంటలకు ముగుస్తుంది. వీవెక్స్ సమయాన్ని సార్వత్రిక కాలమానంలో దాస్తుంది. మన 8:30 అందులో 3:00 గంటలు. పునరుద్ధరించిన నమోదులను ఈ హద్దుపై తిరిగి కూడి, సమీపంలోని సాధారణ వర్షమాపకం రీడింగుతో పోల్చిన తరువాతే వినియోగించాలి.

ప్రతిరోజూ ఫైలు నకలును వేరొక పరికరంలో భద్రపరచడం, చిన్న బ్యాటరీ ఆధారం కల్పించడం, ఋతువుకు ఒకసారైనా ఆ నకలు తెరుచుకుంటున్నదో లేదో పరీక్షించడం అవసరం. ఈ మూడు పనులను విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు తొలకరికి ముందే పూర్తి చేసుకోవడం మేలు.